చల్లని ఊరికి దొంగ చరిత్ర రాయడం ఎలా?

చినగంజాం దగ్గర మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244లో ఒక అభయశాసనం వేయించాడు. సారాంశం ఇది: తుఫానులో దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పూర్వపు రాజులు లాక్కునేవారు. మేం లాక్కోం. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చే వర్తకుల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ ముట్టం.

మంచి మాటే. చేసింది కూడా మంచి పనే. కానీ కథలు రాసేవాడికి ఆ రాతిమీద ఒక చోట కన్ను ఆగుతుంది. ఎవరా "పూర్వపు రాజులు"? పేర్లు లేవు. ఎంతకాలం కిందటివాళ్ళో లేదు. వాళ్ళ పక్షం మాట ఎక్కడా లేదు. ఇప్పటి దయ వెలగాలంటే వెనక కాస్త చీకటి కావాలి, ఆ చీకటికి పేరు అక్కర్లేదు. శాసనం అబద్ధమని నేను అనడం లేదు. మంచి రాజ్యం తన గురించి తాను ఎలా మాట్లాడుతుందో నేర్చుకోవడానికి మనకు దొరికిన తొలి పాఠాల్లో ఇదొకటి అంటున్నాను.

ఈ మార్గదర్శి కథో నవలో రాసేవాళ్ళకి. మీరు ఒక కల్పిత సమాజాన్ని కడుతున్నారు. పైకి చల్లగా ఉంటుంది, అందరికీ తిండి, బడి, వైద్యం ఉంటాయి. దానికొక అధికారిక చరిత్ర ఉంటుంది. ఆ చరిత్రను నమ్మడానికి వీల్లేదు. ఆ సంగతి పాఠకుడికి మెల్లగా తెలియాలి. ఇదంతా ఎలా కుదర్చాలో చెప్పడానికి ఒక ఊరిని కల్పించుకుందాం. పేరు పాలవెల్లి. కొండల మధ్య గోడ కట్టుకున్న ఊరు. అక్కడ డెబ్భై ఏళ్ళుగా ఎవరూ ఆకలితో పడుకోలేదు.

మొదటి పని: ఆ మంచితనాన్ని నిజం చేయండి

ఎక్కువ కథలు ఇక్కడే చెడతాయి. నా మొదటి ప్రయత్నమూ ఇక్కడే చెడింది. రెండో అధ్యాయంలోనే ఒక అధికారి నున్నగా నవ్వుతూ కనిపిస్తాడు, గోడల మీద నినాదాలు, ఎత్తైన స్తంభానికి లౌడ్‌స్పీకరు. పాఠకుడు అప్పుడే "ఓహో, వీళ్ళు దుర్మార్గులు" అనేసుకుని, నేను మూడు వందల పేజీల తర్వాత అదే మాట చెప్పేదాకా ఆవలిస్తూ కూర్చున్నాడు.

మంచితనం ముసుగు కాకూడదు. గంజి నిజంగా గంజే అయి ఉండాలి, డాక్టరు నిజంగా రాత్రి రెండింటికి లేచి రావాలి.

దీనికి స్వీడన్ చరిత్రను మించిన పాఠం నాకు కనబడలేదు. 1928లో సోషల్ డెమోక్రాట్ నాయకుడు పెర్ ఆల్బిన్ హాన్సన్ దేశాన్ని "ప్రజల ఇల్లు"గా ఊహిస్తూ ప్రసంగించాడు. మంచి ఇంట్లో గారాల బిడ్డలూ ఉండరు, సవతి బిడ్డలూ ఉండరన్నాడు. ఆ ఇల్లు నిజంగానే కట్టారు. లోకం మెచ్చుకున్న సంక్షేమ రాజ్యం అది. అదే ఇంట్లో 1934లో చేసిన స్టెరిలైజేషన్ (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల) చట్టం మరుసటి ఏడు అమల్లోకి వచ్చి, మార్పులతో 1970ల నడిమిదాకా నడిచింది. సుమారు 63,000 మందికి ఆపరేషన్లు జరిగాయి. అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు. కొందరు నిజంగా ఒప్పుకున్నారు. ఆస్పత్రి నుంచి పంపాలన్నా, పెళ్ళికి అనుమతి ఇవ్వాలన్నా ముందు సంతకం పెట్టమంటే పెట్టినవాళ్ళు మరికొందరు.

మీకు పనికొచ్చేది ఆ తర్వాతి సంగతి. చట్టం రహస్యం కాదు. అచ్చయిన చట్టాల పుస్తకాల్లో ఉంది, లెక్కలు ప్రభుత్వ దస్త్రాల్లో ఉన్నాయి, పరిశోధకులు అప్పటికే రాశారు కూడా. అయినా 1997లో ఒక పెద్ద దినపత్రిక వరస వ్యాసాలు వేసేదాకా దేశం ఉలిక్కిపడలేదు. 1999లో నష్టపరిహారానికి చట్టం వచ్చింది. అంటే దాచినవాడంటూ ఎవడూ లేడు. ఎవరూ పనిగట్టుకుని చెప్పలేదు, అంతే. తాళం వేసిన గది, దానికి కాపలా, రహస్య పత్రం, ఇవన్నీ కథకుడికి సులువు దారులు. తెరిచిన బీరువాలో అందరి కళ్ళముందూ ఉండి ఎవరూ చదవని కాగితం రాయడం కష్టం. అదే రాయండి.

పాలవెల్లికి వద్దాం. మొదటి యాభై పేజీలు ఆ ఊరి అన్నం వాసనతో నిండాలి. ముసలివాళ్ళకు ఇంటికే క్యారియరు వస్తుంది. బడిలో పిల్లలకి మధ్యాహ్నం పప్పూ, పెరుగూ. కొత్తగా వచ్చిన మనిషిని "ఏం పని చేస్తావ్?" అని అడగరు, "తిన్నావా?" అని అడుగుతారు. మీ పాఠకుడికి ఆ ఊరికి వెళ్ళిపోవాలనిపించాలి. తర్వాత మీరు తీసేసేది ఆ కోరికనే. అది పుట్టకపోతే తీసేయడానికి ఏమీ ఉండదు.

రెండో పని: నిజంగా ఏం జరిగిందో ఒక్క పేజీలో రాసి పెట్టుకోండి

ఈ పేజీ కథలోకి రాదు. మీ సొరుగులో ఉంటుంది. అలంకారం లేకుండా, కరణం లెక్క రాసినట్టు రాసుకోండి.

పాలవెల్లి నిజం: డెబ్భై ఏళ్ళ కిందట మూడేళ్ళ కరువు. అప్పుడు ఊళ్ళో వెయ్యి మంది. గోడ లోపల ఎగువపేట, గోడకు ఆనుకుని బయట దిగువపేట. గాదెలన్నీ లోపలే. తిండి మూడేళ్ళకు చాలదని పెద్దలకు లెక్క తేలింది. రెండో ఏడు చలికాలంలో దిగువపేట వాకిలి మూసేశారు. మూడు రోజులు తలుపు కొట్టారు. తర్వాత చప్పుడు లేదు.

ఇక నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకోవాలి. వేరే దారి ఉందా? ఉంటే ఎందుకు తీసుకోలేదు? ఆ నిర్ణయం వల్ల ఇవాళ ఎవరి ఇల్లు నిలబడి ఉంది? అప్పుడు చూసినవాళ్ళలో ఎవరు బతికున్నారు?

మొదటి ప్రశ్నకి "ఉందేమో" అన్నదే మంచి జవాబు. వేరే దారి లేదంటే పెద్దలు నిర్దోషులైపోతారు, కచ్చితంగా ఉందంటే రాక్షసులైపోతారు. రెండు సందర్భాల్లోనూ పాఠకుడు తీర్పు చెప్పేసి పుస్తకం మూసేస్తాడు.

మూడో పని: చరిత్ర పుస్తకాన్ని మీరే రాయండి, వాక్యం వాక్యంగా

"ఆ ఊరి చరిత్ర పుస్తకాలన్నీ అబద్ధాలే" అని పాత్రచేత చెప్పిస్తే పని జరగదు. ఆ పుస్తకంలో పేరాలు పాఠకుడి చేతికివ్వాలి. బడిపిల్లలు వల్లించే పాఠం ఇలా ఉండొచ్చు:

"మన పాలవెల్లి అప్పుడు వెయ్యి మంది ఊరు. మూడేళ్ళ కరువు మనల్ని పరీక్షించింది. పెద్దలు తొమ్మిది గాదెలు తెరిపించారు. గింజ గింజా కొలిచి పంచారు. ఊళ్ళో ఒక్క ప్రాణమైనా పోలేదు. ఆనాటి నుంచి మన ఊళ్ళో ఆకలి అన్నమాట వినబడలేదు."

ఇందులో అబద్ధం ఏ వాక్యంలో ఉంది? ఎందులోనూ లేదు. వాకిలి మూసిన క్షణం నుంచి దిగువపేట "ఊళ్ళో" లేదు. "ఊరు" అన్న మాటకు అర్థం మారింది, వాక్యం నిజంగానే మిగిలింది. మంచి సమాజం అబద్ధమాడడానికి సిగ్గుపడుతుంది, కాబట్టి నిజాలనే ఏరుకుంటుంది. మీ చరిత్ర పాఠం ప్రతి వాక్యాన్నీ కోర్టులో నిలబెట్టగలిగేలా రాయండి.

తెలుగులో రాసేవాళ్ళకి ఇక్కడ మన వ్యాకరణమే మూడు పనిముట్లు ఇస్తుంది. వేరే భాషలవాళ్ళు చాలామంది వీటికోసం నానా తంటాలు పడాలి.

ఒకటి, "మనం", "మేము". వినేవాణ్ణి కలుపుకునేది మనం, వదిలేసేది మేము. ప్రచారానికి "మనం" అంటే ప్రాణం. చెప్పేవాడికి తోచినవాళ్ళందరూ అందులో ఉంటారు, వదిలేసినవాళ్ళకి తాము లేమన్న సంగతి కూడా తెలియదు. పాలవెల్లి పాఠమంతా "మన"లతో నిండి ఉంటుంది. ఒక్కచోట, ఏదో పాత రసీదులో, "మేము మిగిలినాము" అని కనబడనివ్వండి. మేము అన్నారంటే ఎదురుగా "మీరు" ఒకరు ఉన్నారన్నమాట.

రెండు, కర్త లేని వాక్యం. "వాకిలి మూయవలసి వచ్చింది." ఎవరు మూశారు? వాక్యానికి తెలుసు, చెప్పదు. "మూయబడింది" అని రాయకండి, అది కాగితం తెలుగు, పాఠకుడు వెంటనే పసిగడతాడు. మనవాళ్ళు బాధ్యత తప్పించుకోవాలంటే "వలసి వచ్చింది", "జరిగిపోయింది", "అలా అయింది" అంటారు. ఇంట్లో గాజుగ్లాసు పగిలినప్పుడు పిల్లలు అనే మాటలే ఇవి. చరిత్రలోకి అలాగే ఎక్కించండి.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టం. "అట". చూడనిది, విన్నది చెప్పేటప్పుడు మనం చివర "ట" తగిలిస్తాం. అధికారిక చరిత్రలో ఎక్కడా "ట" ఉండదు. పెద్దలు గాదెలు తెరిపించారట అని ఏ పాఠ్యపుస్తకమూ రాయదు. ఇంట్లో ముసలమ్మ చెప్పే కథలో ప్రతి వాక్యానికీ ఉంటుంది. ఇక ఆ ముసలమ్మ చేత ఇలా చెప్పించండి:

"మా అమ్మ ఆ తలుపు దగ్గరే కూచుందట. మూడు రోజులు కొట్టారట. లోపల ఎవరూ నోరెత్తలేదట. నాలుగోనాడు చప్పుడు ఆగిపోయింది."

చివరి వాక్యంలో "ట" లేదు. ఆవిడ అక్కడుంది. ఏడేళ్ళ పిల్ల, అమ్మ ఒళ్ళో. వినేవాడు దాన్ని పట్టించుకోకుండా మజ్జిగ తాగుతుంటాడు. మీరూ వివరించకండి. వివరిస్తే చెడిపోతుంది.

పేర్లు ఎలా పెట్టాలి

వ్యాకరణం తర్వాత పదకోశం. పరిపాలన తనకు నచ్చని సంఘటనకు చిన్న పేరు పెడుతుంది, నచ్చినదానికి మెత్తటి పేరు పెడుతుంది. 1922-24లో అల్లూరి సీతారామరాజు నడిపిన మన్యం పోరాటాన్ని సర్కారు కాగితాలు "ఫితూరీ" అన్నాయి. ఆ మాటే ఇవాళ బడిలో పక్కవాడి మీద మాస్టారికి చెప్పే "పితూరీ". ఎంత చిక్కిపోయిందో చూడండి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు మీదికి వెళ్ళింది సైన్యం, పేరు మాత్రం "పోలీసు చర్య". అప్పటి హింస మీద నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ బృందం ఇచ్చిన నివేదిక దశాబ్దాలపాటు జనం చేతికి రాలేదు. ఇక సెప్టెంబరు 17 ఒకటే తేదీ. విమోచనం అనేవాళ్ళు, విలీనం అనేవాళ్ళు, విద్రోహం అనేవాళ్ళు, సమైక్యతా దినం అనేవాళ్ళు, నలుగురూ ఉన్నారు. కల్పిత సమాజానికి ఇంతకంటే మంచి నమూనా ఎక్కడుంది? ఒక పాత్ర ఆ రోజును ఏ పేరుతో పిలుస్తుందో వింటే చాలు, దాని ఇల్లూ వాకిలీ తెలిసిపోతాయి.

తూర్పు జర్మనీలో 1961 జూన్ 15న ఆ దేశ నాయకుడు వాల్టర్ ఉల్‌బ్రిఖ్ట్ విలేఖరుల ముందు, గోడ కట్టే ఉద్దేశం ఎవరికీ లేదన్నాడు. ఆగస్టు 13న కట్టడం మొదలైంది. దానికి తర్వాత స్థిరపడిన అధికారిక పేరు "ఫాసిస్టు వ్యతిరేక రక్షణ కుడ్యం". లోపలివాళ్ళు బయటికి పోకుండా కట్టిన గోడకు, బయటివాళ్ళు లోపలికి రాకుండా కట్టినట్టు పేరు.

పాలవెల్లిలో ఆ మూసిన వాకిలిని "చల్లగడప" అందాం. అక్కడ ఇప్పుడు చలివేంద్రం ఉంది.

నాలుగో పని: ఒక్క చరిత్ర చాలదు, మూడు ముద్రణలు కావాలి

అబద్ధం ఒకేసారి పుట్టదు. తరానికి కాస్త కాస్త అరుగుతుంది. కరువు ముగిసిన పదేళ్ళకు అచ్చయిన పుస్తకంలో ఇలా ఉంటుంది: "మూడేళ్ళు గడవవని లెక్క తేలింది. దిగువపేట వాకిలి మూయవలసి వచ్చింది. మిగిలినవారిని కాపాడుకున్నాము." సిగ్గు ఉంది, నిజమూ ఉంది. ముప్పై ఐదేళ్ళకు వచ్చిన రెండో ముద్రణ: "కరువు కారణంగా దిగువపేటవారు వేరే ప్రాంతాలకు తరలిపోయారు." అరవై ఏళ్ళకు వచ్చిన మూడోదే పిల్లలు వల్లించేది. దిగువపేట అన్న మాటే లేదు.

ప్రతి ముద్రణకీ సంపాదకుడెవరో, ఎందుకు మార్చాడో మీకు తెలియాలి. రెండోసారి మార్చినావిడ బడి పంతులమ్మ. చిన్నపిల్లలు చదివే పుస్తకంలో ఆ తలుపు ఎందుకని తీసేసింది. తరగతిలో ఒక పిల్ల అది చదివి అన్నం మానేస్తే చూడలేకపోయింది. మూడోసారి మార్చినవాడికి పేజీలు తగ్గించాలన్నదే పని. ఈ రెండో రకం మార్పు నాకు భయంకరంగా అనిపిస్తుంది. దయ కూడా లేదు అందులో, కాగితం ఖర్చు తప్ప.

మొరటుగా చెరిపేవాళ్ళు కూడా చరిత్రలో ఉన్నారు. 1953లో స్టాలిన్ రహస్య పోలీసుల పెద్ద బేరియా పతనమయ్యాక సోవియట్ మహా విజ్ఞాన సర్వస్వం చందాదారులకు కొన్ని పేజీలు వచ్చాయి. బేరియా వ్యాసమున్న పేజీలను కత్తిరించి, వాటి స్థానంలో ఇవి అతికించుకోమని సూచన. కొత్త పేజీల్లో బేరింగ్ సముద్రం గురించి విస్తారంగా ఉంది. మనిషి పోయి సముద్రం వచ్చింది. ఇది గొప్ప దృశ్యమే గానీ మీ చల్లని ఊరికి సరిపోదు. అక్కడ కత్తెరలు ఉండవు. పాత పుస్తకం చినిగిపోతే కొత్తది ఇస్తారు, ఉచితంగా.

ఐదో పని: ఆ చరిత్రను కాపాడేవాళ్ళను ప్రేమించండి

రిచర్డ్ టెంపుల్ అనే తెల్లదొరను చూడండి. 1873-74లో బీహారులో కరువొస్తే బర్మా నుంచి బియ్యం తెప్పించి పంచాడు. చావులు దాదాపు లేకుండా చేశాడు. దండిగా ఖర్చు చేశావని పైవాళ్ళు తిట్టారు. 1877లో అదే మనిషిని మద్రాసు ప్రెసిడెన్సీకి పంపారు. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు మాడిపోతున్న ధాత కరువు కాలం. ఈసారి కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. అంటే సుమారు 450 గ్రాములతో మట్టి మొయ్యాలి. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఇది చాలదని గట్టిగా వాదించాడు. ఇంతలో 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను ఇండియా చక్రవర్తినిగా ప్రకటిస్తూ దర్బారు జరిగింది. ఇండియా పరిపాలన మీద పార్లమెంటుకు ఏటా వెళ్ళే నివేదిక పేరేమిటో తెలుసా? దేశపు "నైతిక, భౌతిక ప్రగతి" వివరణ.

టెంపుల్ లాంటి పాత్ర ఒకటి మీకు కావాలి. ఒకసారి మంచి చేసి దెబ్బతిన్నవాడు. వాణ్ణి దుష్టుడనడం కుదరదు, మంచివాడనడమూ కుదరదు. పాలవెల్లిలో అతను గాదెల లెక్క చూసిన గుమాస్తా కొడుకు. తండ్రి చేతిరాత ఇంట్లో ఉంది. ఊరు చీలిపోతుందని నోరెత్తడు. రోజూ చల్లగడప దగ్గర కుండలు నింపేది అతనే. ఎందుకు నింపుతాడో పుస్తకం మొత్తంలో ఎవరూ అడగకూడదు.

నమ్మేవాళ్ళు ఎక్కువమంది ఉండాలి, తెలిసి ఊరుకునేవాళ్ళు ఇద్దరు ముగ్గురు, తెలిసి లాభపడేవాడు మహా అయితే ఒకడు. ఆ ఒక్కణ్ణీ పూర్తిగా తీసేసినా కథ నిలబడితే మరీ మంచిది.

ఆరో పని: పగుళ్ళు

ఇక్కడ తొందరపడకండి, సరుకంతా ఇక్కడే ఉంది. అధికారిక చరిత్ర ఎంత నున్నగా ఉన్నా నాలుగు చోట్ల పగులుతుంది.

అన్నిటికంటే ముందు లెక్కలో. సోవియట్ యూనియన్‌లో 1937 జనవరిలో జనాభా లెక్కలు తీస్తే 16 కోట్ల 20 లక్షలు తేలింది. నాయకత్వం చెప్పుకుంటూ వచ్చిన దానికంటే ఎంతో తక్కువ. 1932-33 కరువు చావులు అంకెల్లో బయటపడ్డాయి. ఫలితాలు తొక్కేశారు, లెక్క తీసిన అధికారులను అరెస్టు చేశారు, 1939లో మళ్ళీ లెక్క పెట్టారు. లెక్క ఎవరికీ భయపడదు.

పాలవెల్లి పిల్లలు తాడాట ఆడుతూ పాడుకుంటారు: "తొమ్మిది గాదెలు, గాదెకు నాలుగొందలు." గర్వంగా పాడే పాట. మీ కథానాయిక రేషను గిడ్డంగిలో పని చేస్తుంది. ఒకరోజు ఊరికే లెక్క వేస్తుంది. 3,600 బస్తాలు, బస్తా 75 కిలోలు, మొత్తం 2,70,000 కిలోలు. మనిషికి రోజుకు 400 గ్రాములు వేసుకున్నా మూడేళ్ళకు 438 కిలోలు. భాగిస్తే 616 మంది. ఊరు వెయ్యి మంది. ఒక్క ప్రాణమూ పోలేదు. మిగిలిన 384 మంది ఏం తిన్నారు? ఆమె లెక్క తప్పిందనుకుని మళ్ళీ వేస్తుంది. ఇలాంటి అంకె ఒకటి మీ కథలో కచ్చితంగా ఉండాలి. కాలిక్యులేటరు తీసి చూసే పాఠకులు ఉంటారు, కాబట్టి సరిగ్గా కుదరాలి.

తర్వాత చిన్నవాళ్ళ రాతల్లో. రాణీ రుద్రమదేవి ఎలా పోయిందో, ఎప్పుడు పోయిందో పెద్ద ప్రశస్తులు, అంటే రాజులను పొగిడే శాసనాలు, చెప్పలేదు. నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో పువ్వుల ముమ్మడి అనే కొలువు మనిషి 1289లో వేయించిన దానశాసనం ఉంది. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ళ పుణ్యం కోసం భూమి ఇస్తున్నానని రాయించాడు. ఒక మహారాణి చావు కబురు మనకు ఒక సేవకుడి దానం కాగితంలో, అదే, దానం రాతిలో, దొరికింది. అలాంటివాణ్ణి పాలవెల్లిలో వెతకండి. చాకలి పద్దు కావచ్చు. కరువు ముందు 180 ఇళ్ళ గుర్తులు, తర్వాత 110.

అవతలివాడి భోషాణంలో కూడా దొరుకుతుంది. క్రీ.పూ. 1274 ప్రాంతంలో కాదేష్ దగ్గర హిట్టైట్లతో (ఇప్పటి టర్కీ ప్రాంతాన్ని ఏలినవాళ్ళు) తలపడిన ఈజిప్టు రాజు రెండో రామెసెస్, తాను ఒంటరిగా గెలిచానని ఈజిప్టు గుడి గోడల మీద మళ్ళీ మళ్ళీ చెక్కించుకున్నాడు. హిట్టైట్ల రాజధానిలో బయటపడిన మట్టి పలకలు వేరే కథ చెప్పాయి. మీ ఊరికి పొరుగూరు ఉందా? దాని మార్కెట్టులో పాలవెల్లివాళ్ళను ఏమని పిలుస్తారు? "తలుపోళ్ళు" అంటారనుకోండి. ఎందుకంటారో పాలవెల్లివాళ్ళకి తెలియదు, తలుపులు బాగా చేస్తాం కాబట్టి అనుకుంటారు.

చివరిది పండగల్లో, పేర్లలో. జనం కరువులను తెలుగు సంవత్సరం పేరుతో గుర్తుపెట్టుకున్నారు. దస్తావేజుల్లో 1832-33 నాటిది గుంటూరు కరువు, నోళ్ళలో నందన కరువు. సర్కారు చోటు చెబితే జనం సంవత్సరం చెప్పారు. శ్రీశైలం జలాశయం కింద దాదాపు వంద ఊళ్ళు మునిగాయి. నీళ్ళు దిగినప్పుడల్లా సంగమేశ్వరం గుడి పైకి వస్తుంది, జనం వెళ్ళి దీపం పెట్టుకుంటారు. మునిగినది ఏటా కొన్నాళ్ళు లేచి నిలబడే చోటు ఉన్న నేల మనది. వేరే రూపకం కోసం వెతుక్కోవాలా?

పాలవెల్లిలో గాదెల పండగ రోజు బంతిలో అందరికీ విస్తళ్ళు వేశాక చివర ఒక విస్తరి ఖాళీగా వదిలేస్తారు. అన్నీ వడ్డిస్తారు, ఎవరూ కూర్చోరు. ఎవరికని పిల్లలడిగితే "అతిథికి" అంటారు. పుస్తకం మరిచిపోయినదాన్ని చేతులు మరిచిపోలేదు. ఈ విస్తరిని మొదటి అధ్యాయంలోనే వేసేయండి, మర్యాదగా, ముచ్చటగా. ఇరవయ్యో అధ్యాయంలో మళ్ళీ వేయండి.

ఏడో పని: బయటపడ్డ నిజాన్నీ నమ్మనివ్వకండి

గుమాస్తా చేతిరాత చివరికి దొరుకుతుంది. అందులో ఉన్నదంతా నిజమని రాస్తే మీరు ఒక అధికారిక చరిత్ర తీసి ఇంకోటి పెట్టినట్టే. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ దొర కోసం కావలి సోదరులు, వాళ్ళ మనుషులు ఊరూరా తిరిగి సేకరించిన కైఫియత్తులు చదివినవాళ్ళకి ఇది తెలుసు. కరణాలు దండకవిలెలు (తమ దగ్గరి పాత ఊరి లెక్కల పుస్తకాలు) చూసి చెప్పిన ఊరి చరిత్రలు అవి, వెలకట్టలేని నిధి. అయినా రాయించుకునేది కుంపిణీ మనిషని తెలిసి చెప్పేవాడు తన మాన్యం సంగతి, తన గుడి సంగతి మరిచిపోతాడా? గుమాస్తా కూడా అంతే. "నేను వద్దన్నాను" అని రాసుకుంటాడు. నిజంగా వద్దన్నాడా? గుమాస్తా కొడుకు ముసలమ్మను అడిగితే, "మీ నాయన చేతిలో తాళం ఉందట" అంటుంది. ఇక్కడ "ట" ఉంది, గమనించారా. ఆవిడ ఇది చూడలేదు.

చిట్టచివర ఊరు ఏం చేస్తుంది? రచ్చబండ మీద కథానాయిక అరవడం, జనం చేతులతో మొహం కప్పుకోవడం వద్దు. నిజం తెలిశాక మంచి సమాజాలు చేసేది చాలావరకు మర్యాదైన పనే. సంఘం వేస్తాయి, పరిహారం ఇస్తాయి, క్షమాపణ చెబుతాయి. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసిన రెసిడెన్షియల్ బడుల గురించి కెనడా ప్రధాని 2008 జూన్ 11న పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. అది చిన్న విషయం కాదు. అయితే నవలాకారుడికి క్షమాపణ మరుసటి రోజు ఉదయం ముఖ్యం. పాలవెల్లి చల్లగడప దగ్గర ఫలకం పెడుతుంది. ఫలకం మీద ఏం రాయాలని సభ జరుగుతుంది. "మూయవలసి వచ్చింది" అని ఒకరు, "మూశారు" అని ఇంకొకరు, "మూశాం" అనాలని గిడ్డంగి అమ్మాయి. మూడు క్రియాపదాల మీద నాలుగు పేజీల వాదన రాయండి. గొంతులు పెరగకుండా, మధ్యలో టీ వస్తూ, చాలా మర్యాదగా.

రాసాక ఒక పరీక్ష ఉంది. మొదటి యాభై పేజీలూ, పిల్లల చరిత్ర పాఠమూ మాత్రమే ఎవరైనా పెద్దవాళ్ళకి ఇచ్చి చదవమనండి. "ఇందులో విలన్ ఎవరు?" అని అడిగితే మళ్ళీ మొదటి పనికి వెళ్ళండి. పుస్తకం పక్కన పెట్టి, కాసేపాగి, "ఇంతకీ ఆ చివరి విస్తరి ఎవరికర్రా?" అంటే మిగతాది రాసుకోవచ్చు.